గిన్నెలో పట్టని మనిషి

సోమవారం పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ద్రాక్షపళ్ళ వాసన వచ్చింది. మిర్యాలగూడలో నేను పనిచేసే ల్యాబుకు ఒకపక్క బస్సులు తిరిగే రోడ్డు, ఇంకోపక్క వడ్లు ఉడకబెట్టే మిల్లు. పొద్దస్తమానం ఆ ఆవిరి వాసనే మా ముక్కుల్లో ఉంటుంది. దాన్ని దాటుకొని తియ్యగా, కొంచెం ఎక్కువ ముగ్గిన పండులాంటి వాసన తగిలిందంటే అదేమిటో చూడకముందే చెప్పేయవచ్చు. శనివారం ఒక హమాలీ కాలిపుండు నుంచి తీసిన చీమును, క్రిములను పెంచే ప్లేటు మీద గీసి లోపల పెట్టాను. ఇప్పుడు ప్లేటంతా పచ్చబారి ఉంది. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా అది. పుండులో చేరిందంటే మొండికేసి కూర్చుంటుంది, సగం మందులకు లొంగదు, వాసన మాత్రం పెళ్ళివారు తెచ్చిన పళ్ళబుట్టలా ఉంటుంది. ప్లేట్లను ముక్కు దగ్గర పెట్టుకోకూడదని మాకు నియమం. నేను పెట్టుకోను. అదే వచ్చి తగిలితే మాత్రం తల తిప్పుకోను, ఎందుకంటే ఆ వాసన వెంట మా సువార్త మేడమ్ వస్తారు.

సువార్త మేడమ్ సూర్యాపేటలో మాకు మైక్రోబయాలజీ చెప్పారు. నేను డిగ్రీలో చేరింది రెండు వేల మూడులో. కింద ఎరువుల దుకాణం, పైన మా కాలేజీ. మైక్రోబయాలజీ అంటే ఏమిటో తెలిసి చేరినవాడు మా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు. మిగతా గ్రూపుల్లో సీట్లు నిండిపోయాయి, దీంట్లో ఖాళీలున్నాయి, అంతే. మా నాయనైతే నేను మైకులు బాగుచేసే చదువేదో చదువుతున్నానని ఊళ్ళో చెప్పుకున్నాడు. రెండో ఏడు దాకా ఆ మాట ఎవరూ సరిదిద్దలేదు, సరిదిద్దితే ఇంకేం చెప్పాలో నాకూ తెలియదు.

మేడమ్‌ది కోదాడ. రోజూ పొద్దున్నే హైవే బస్సెక్కి వచ్చేవారు. సన్నని మనిషి, గొంతు మాత్రం కింద ఎరువుల దుకాణం దాకా వినిపించేది. మా ల్యాబులో ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటర్ ఉండేవి. ఇంక్యుబేటర్ కరెంటు ఉన్నంతసేపు పనిచేసేది, కరెంటు తన ఇష్టమొచ్చినంతసేపు ఉండేది. సామాన్లను ఆవిరిలో శుద్ధి చేసే యంత్రం కొనమని అడిగి అడిగి విసిగిపోయి మేడమ్ తన ఇంటి ప్రెషర్ కుక్కర్ సంచిలో పెట్టుకొచ్చారు. ఆదివారం పప్పు, సోమవారం పరీక్షనాళికలు అని మేం గుసగుసలాడుకునేవాళ్ళం. ఆమె విని, "పప్పుకి వేరే కుక్కర్ కొన్నాలే, మీ ప్రాణాలకేం భయం లేదు" అన్నారు.

ఒకరోజు క్లాసులోకి వస్తూనే, "కోరం అంటే ఎవరికన్నా తెలుసా?" అని అడిగారు. సైన్సు క్లాసులో ఆ మాటకేం పనో ఎవరికీ అర్థం కాలేదు. నాకు తెలుసు. మాది త్రిపురారం దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. గొర్రెల కాపర్ల సంఘం మీటింగుకు పోయిన మా నాయన సగం సార్లు మొహం వేలాడేసుకొని తిరిగొచ్చి, "కోరం కాలే" అనేవాడు. లేచి నిలబడి చెప్పాను. "సంఘంల కావాల్సినంత మంది రాకుంటే కోరం కాలేదంటరు మేడమ్. అప్పుడు ఏం తీర్మానం చేసినా చెల్లదు."

వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "ఇవాళ్టి పాఠం సైదులు చెప్పేశాడు. ఇక నేనేం చెప్పను?" అన్నారు. అన్నారే గాని గంట కొట్టినా ఆపకుండా చెప్పారు. ఒంటరి బ్యాక్టీరియా చప్పుడు చేయదు. ఒక్కటే విషం వదిలితే మనిషి ఒళ్ళు మేలుకొని దాన్ని నలిపేస్తుంది. అందుకని ప్రతిదీ ఒక చిన్న రసాయనాన్ని బయటికి వదులుతూ ఉంటుంది. దానికి మేడమ్ పెట్టిన పేరు కబురు. నేనిక్కడున్నాను అనే కబురు. సంఖ్య పెరిగేకొద్దీ చుట్టూ ఆ కబురు చిక్కబడుతుంది. ఒక మేరకు చిక్కబడగానే కోరం అయిందని అన్నింటికీ ఒకేసారి తెలిసిపోతుంది. అప్పుడు కట్టగట్టుకొని దాడి చేస్తాయి. కళ్ళు లేవు, చెవులు లేవు, లెక్కలు రావు, అయినా హాజరు తీసుకుంటాయి. మా క్లాసులో కూడా హాజరు అంత పక్కాగా తీసుకునేవారు కాదు.

"దొంగ హాజరు ఏస్తే ఎట్ల మేడమ్?" అని అడిగాను. "ఒక్కటే పదింటి కబురు వదిలిందనుకోండి?"

"తెలీదు" అన్నారు మేడమ్. కళ్ళు పెద్దవయ్యాయి. "నాకు తెలీదు సైదులూ. ఎవరన్నా చూశారేమో కనుక్కుందాం."

ఆ తెలీదు అనే మాటను అందరూ గొంతు తగ్గించి అంటారు. మాకు తెలిసిన లెక్చరర్లయితే అసలు అనరు, సిలబస్‌లో లేదు కూర్చో అంటారు. మేడమ్ మాత్రం పొలంగట్టు మీద నడుస్తూ ఉన్నట్టుండి దోసపండు దొరికినవాళ్ళలా అనేవారు. ఆ మాట ఆమె నోట వినడానికే నేను తర్వాత తర్వాత ప్రశ్నలు వెతుక్కొని వెళ్ళేవాణ్ణి. మేం ఆమెకు కబుర్ల మేడమ్ అని పేరు పెట్టాం. ఆ సంగతి ఆమెకు తెలిసి, పేరు బాగానే ఉందన్నారు.

ప్రతిదానికీ తెలుగు మాట కావాలన్న పట్టుదల ఆమెకు ఎందుకో ఒకసారి కరెంటు పోయి వరండాలో కూర్చున్నప్పుడు చెప్పారు. "మా అమ్మ నాట్లకి పోయి నన్ను చదివించింది. ఉద్యోగమొచ్చిన రోజు అడిగింది, పిల్లలకి ఏం చెప్తావమ్మా అని. ఎమ్మెస్సీ చదివి మా అమ్మకి ఒక్క ముక్క చెప్పలేకపోయా. అన్నీ ఇంగ్లీషు మాటలే నోట్లో. కల్చర్, కల్చర్ అంటుంటే, చేపల చెరువుల చదువా అని అడిగింది చివరికి." అప్పటినుంచి ప్రతి మాటనూ వాళ్ళమ్మకు చెప్పగలిగేలా మార్చుకుంటూ వచ్చారు. కణం, కబురు, కోరం బాగా కుదిరాయి. బ్యాక్టీరియానూ, కణాలనూ పెంచే పెట్రీ డిష్ దగ్గర కొంచెం చిక్కొచ్చింది. చిన్న గాజు పళ్ళెం, దానిమీద మూత. డబ్బీ అందామని మాలో ఒకడన్నాడు. "డబ్బీ అంటే సున్నం డబ్బీ అనుకుంటారు" అన్నారు మేడమ్. "గిన్నె అందాం. గిన్నె అంటే అందరికీ తెలుసు." గిన్నె అంటే నిజంగానే అందరికీ తెలుసు. మా తలనొప్పి అక్కణ్ణుంచే మొదలైంది.

సాయంత్రాలు కోదాడ బస్సు వచ్చేదాకా మేడమ్ బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చునేవారు. మేం రెండో ఏట్లో ఉండగా ఒకరోజు అక్కడ ప్రింటు తీయించిన కాగితం పట్టుకొని, మేం టీ తాగుతున్న చోటికే వచ్చేశారు. "ఇది వినండి. పుండుకి చీము పట్టించే మన సూడోమొనాస్ ఉందే, అది వదిలే కబురుని తీసి మనిషి రొమ్ము కేన్సర్ కణాల మీద వేసి చూశారంట. కణాలు పెరగడం ఆగిపోయింది. చాలావరకు చచ్చిపోయాయి."

"అయితే మందు దొరికినట్టే గద మేడమ్" అన్నాను.

"అది కాదయ్యా అడగాల్సింది. బ్యాక్టీరియా మాట కేన్సర్ కణానికి ఎట్లా వినపడింది? దాని చెవి ఎక్కడుంది? ఆ మాట దాన్ని ఉద్దేశించి అన్నది కూడా కాదు కదా."

"పక్కింటోళ్ళ పంచాయితీ గోడకు చెవి పెట్టి ఇనేటోళ్ళు ఉండరా మేడమ్" అన్నాడు నా పక్కనున్నవాడు.

"ఉంటారు. విని చచ్చిపోయినవాళ్ళని నువ్వెక్కడన్నా చూశావా?"

ఆ సాయంత్రం ఆమె ఎక్కాల్సిన బస్సు మా ముందునుంచే వెళ్ళిపోయింది. ఎవరం గమనించలేదు. మన ఒంట్లో అన్ని కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయి కదా, మన కణాలు పుట్టినప్పటినుంచీ వాటి మాటలు వింటూనే ఉన్నాయా అని మేడమ్ అడుగుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అంతకుముందు చదువు అంటే పరీక్ష. ఆ రోజునుంచి చదువు అంటే ఇంకేదో అయింది.

కొన్నాళ్ళకు ఉపాధ్యాయులు కొందరు కలిసి సూర్యాపేటలో ఒక సైన్సు సభ పెట్టారు. మహిళా సంఘాల వాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు చాలామంది వచ్చారు. మేడమ్ ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా మాట్లాడారు. కోరం సంగతి చెప్తే ఆడవాళ్ళు తలలూపారు, వాళ్ళ సంఘాలకూ కోరం కావాలి కదా. చివర్లో, గిన్నెలో పెంచిన కేన్సర్ కణాలు ఈ కబురు తగలగానే చచ్చిపోయాయని చెప్పారు. చప్పట్లు మోగాయి. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఆమె ఫొటో పక్కన పెద్ద అక్షరాలతో వేశారు, గిన్నెలోనే కేన్సర్ ఖతం అని. చూసి అందరం నవ్వుకున్నాం. మేడమ్ కూడా నవ్వారు.

రెండు మూడు రోజులకు కాలేజీ మెట్ల మీద ఒక పెద్దాయన, చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఎవరివో రిపోర్టులు. మేడమ్ రాగానే లేచి దండం పెట్టాడు. "అమ్మా, గిన్నె ఇత్తడిదా, రాగిదా?"

మేడమ్‌కు మొదట అర్థం కాలేదు. "ఏ గిన్నె?"

"మందు కాసే గిన్నె. రాగిదైతే రాత్రంత నానవెట్టి పొద్దుగాల తాగాలె అంటుండ్రు మావోళ్ళు. మా కోడలికి తల్లీ."

ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. ఎప్పుడూ క్లాసుకు ఆలస్యం కాని మేడమ్ ఆ వారమంతా మెట్ల మీదే గడిపారు. ఒక్కొక్కరికి విడమరిచి చెప్పి పెద్దాసుపత్రికి పొమ్మని పంపారు. కొందరు వింటూ తలూపి, మందు దాచుకొని ఇవ్వడం లేదన్న అనుమానంతోనే దిగి వెళ్ళారు. పేపరాయన దగ్గరికి నన్ను వెంటబెట్టుకొని వెళ్తే అతను మర్యాదగానే, "మీరన్న మాటే రాసినం గద మేడమ్" అన్నాడు. అతను రాసుకున్నది తీసి చూపించాడు. నిజంగా ఆమె అన్న మాటే. బయటికొచ్చాక మేడమ్ పేపరును నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకున్నారు. తర్వాత, "మా అమ్మకి అర్థమయ్యే మాట వెతుక్కున్నా గాని, దాన్ని మా అమ్మ ఎట్లా అర్థం చేసుకుంటదో ఆలోచించలా" అన్నారు.

అదే వారం మా అమ్మ ఊరినుంచి కబురు పంపింది. లింగమ్మ పెద్దమ్మ ఆపరేషన్‌కు పోనంటోందని. లింగమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న పోయినా మందను అమ్మకుండా తానే కాచుకుంటూ వస్తున్న మొండి మనిషి. రొమ్ములో గడ్డను చాలాకాలం ఎవరికీ చెప్పకుండా దాచింది. చెప్పాక మావాళ్ళు హైదరాబాదు తీసుకెళ్ళారు, అక్కడి డాక్టర్లు వెంటనే కోసి తీసేయాలని రోజు కూడా ఇచ్చారు. సరేనన్నది. ఈలోగా ఎవరో పేపరు చదివి వినిపించారు.

నేను వెళ్ళి కూర్చుంటే గొర్రెపిల్ల మూతి తుడుస్తూ, "మీ టీచరమ్మ తాన మందున్నదంట గద సైదా" అన్నది. "మందు వెట్టుకొని నన్ను కోపిచ్చుకోమంటరా?"

ప్లేటు గురించి, కణాల గురించి నాకొచ్చినంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది. "నువ్వు పిల్లగానివి, నీకేం ఎరుక? ఆమె చెప్పిందని పేపర్ల ఏసిండ్రు" అన్నది. పేపరుకూ నాకూ మధ్య పోటీ పెడితే మా ఇంట్లో ఎవరు గెలుస్తారో నాకు తెలుసు. ఆపరేషన్ రోజు దగ్గరపడుతోంది. ఆ రోజు దాటితే మళ్ళీ ఎప్పుడిస్తారో, అప్పటికి గడ్డ ఎంతవుతుందో తెలియదు. నాకు భయమేసింది.

మేడమ్‌కు చెబితే, "ఆదివారం పోదాం" అన్నారు. చర్చి మానేసి కోదాడ నుంచి బస్సులో వచ్చి మిర్యాలగూడలో దిగారు. అక్కడ నేను కలిసి త్రిపురారం ఆటో ఎక్కించాను. దారిపొడుగునా కాలువ నీళ్ళు, నాట్లు. ఎప్పుడూ దేన్నిబడితే దాన్ని చూపించి ఏదో ఒకటి అడిగే మనిషి ఆ రోజు సంచి ఒళ్ళో పెట్టుకొని బిగుసుకొని కూర్చున్నారు.

పెద్దమ్మ వాకిట్లో కుర్చీ వేయించింది, మంచినీళ్ళిచ్చింది. తర్వాత లోపలికి పోయి ఒక ఇత్తడి గిన్నె తెచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. అద్దంలా మెరుస్తోంది. "పేపర్ల గిన్నె అని రాసిండ్రు గని ఏ గిన్నెనో రాయలె. గిది మా అమ్మ నా పెండ్లికి వెట్టింది. చింతపండేసి తోమిన. పనికొస్తదా సూడు టీచరమ్మా."

మేడమ్ గిన్నెను రెండు చేతులతో పట్టుకొని అలాగే ఉండిపోయారు. కళ్ళనిండా నీళ్ళు. నాకేమో ఎవరిమీదో తెలియని కోపం. కాసేపటికి గిన్నెను మెల్లగా కింద పెట్టి, సంచిలోంచి చేతిరుమాలులో చుట్టిన గాజు ప్లేటు తీశారు.

"నేను గిన్నె అన్నది దీన్ని అక్కా."

పెద్దమ్మ మూత తీసింది, రెండు వేళ్ళు పెట్టి చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది. "గింతేనా? ఇండ్ల ఏముంటది?"

"కేన్సర్ కణాలు. కంటికి కనపడవు. ఎప్పుడో ఎవరి ఒంట్లోంచో తీసి, తిండి పెట్టి పెంచుతూ వస్తున్నారు. వాటి మీద మందు చుక్క వేసి చూశారు."

"మరి మనిషి?"

"మనిషి లేడక్కా."

"ఇండ్ల మనిషి పట్టదు గద" అన్నది పెద్దమ్మ, మూత పెడుతూ.

"పట్టదు."

"మరి గా మందు మనిషికి పోస్తే ఏమైతది?"

"తెలీదు" అన్నారు మేడమ్. ఆ మాటను ఆమె తల దించుకొని అనడం అదే మొదటిసారి చూశాను.

పెద్దమ్మ వదల్లేదు. "నీకు తెల్వదా, ఎవ్వలకు తెల్వదా?"

మేడమ్ తలెత్తారు. ఏడుపు మరిచిపోయి, క్లాసులో ఎవరైనా మంచి ప్రశ్న వేస్తే చూసినట్టు చూశారు. "ఎవ్వరికీ తెలీదక్కా. ఇంకా మనిషికి ఇచ్చి చూడలా."

"ఆపరేషన్ సంగతి?"

"అది తెలుసు. చాలామందికి చేశారు, చేశాక ఏమైందో చూశారు. గడ్డ ముదరకముందు తీస్తే బతికేవాళ్ళు ఎక్కువ. అందరూ బతుకుతారని మాత్రం నేను చెప్పలేను. గిన్నె అనే మాట వాడటం నా తప్పు. అది చెప్పిపోదామనే వచ్చా."

పెద్దమ్మ లేచి దొడ్డి తడిక సరిచేసి వచ్చింది. "తెల్వదని చెప్పనీకె కోదాడ నుంచి గీడిదాక వచ్చినవా?" అన్నది.

"అవునక్కా."

"గా డాక్టర్లు అన్నీ తెలిసినట్టే మాట్లాడిండ్రు. అందుకే నాకు నమ్మకం కాలె. నువ్వు తెల్వంది తెల్వదన్నవ్. ఇగ తెలుసన్నది గుడ నిజమే అయ్యుంటది." గాజు ప్లేటు రుమాల్లో చుట్టి మేడమ్ చేతికిచ్చింది. "దవాఖానకు నువ్వొస్తవా?"

మేడమ్ వచ్చారు. సెలవు పెట్టి హైదరాబాదు వచ్చి, ఆపరేషన్ గది బయట మా అమ్మ పక్కన కూర్చున్నారు. తెలివొచ్చాక పెద్దమ్మ మొదట అడిగింది గడ్డను ఏం చేశారని. పరీక్షకు పంపారని మేడమ్ చెబితే, "మీ గిన్నెల ఏసి సూడకపోతిరా? ఇంకొకామె వచ్చి అడిగితె తెల్వదనకుండ ఉందురు" అన్నది. మేడమ్ నవ్వి, "మా కాలేజీలో కరెంటే ఉండదక్కా" అన్నారు. నవ్వుతూనే ఆమె చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత మేడమ్ తెలుగు మాటలు మానేస్తారనుకున్నాను. మానలేదు. కాకపోతే ఏ కొత్త మాటైనా ముందు వాళ్ళమ్మతో అని చూసి, ఆమె ఏమనుకుందో అడిగి తెలుసుకొని, అప్పుడు మా దగ్గరికి తెచ్చేవారు. ఫలానా చోట ఫలానా రోగానికి మందు కనిపెట్టారని పేపర్లో వస్తే క్లాసంతా ముక్తకంఠంతో అడిగేది, గిన్నెలోనా, మనిషిలోనా అని. ఇప్పటికీ మా బ్యాచ్‌వాళ్ళం ఎవరికి ఫోన్ చేసుకున్నా ఆ మాట రాకుండా పోదు.

నా డిగ్రీ అయిన కొన్నాళ్ళకు చేరేవాళ్ళు లేక మా గ్రూపే ఎత్తేశారు. మేడమ్ మేళ్లచెరువులో ఒక బడికి మారారు. సిమెంటు ఫ్యాక్టరీల్లో, లారీల మీద పనిచేసేవాళ్ళ పిల్లలకు సైన్సు చెప్పేవారు. నేను ల్యాబు పనుల్లో పడ్డాను. పెద్దమ్మ మళ్ళీ మంద వెంట తిరిగింది. నేను ఊరికి పోయినప్పుడల్లా కాళ్ళు కడుక్కోకముందే, "తెలిసిందా?" అని అడిగేది. ఏమిటని నేను అడగనక్కరలేదు. ఇంకా తెల్వదు పెద్దమ్మా అంటే, "నీకా, అందరికా?" అనేది. ఆ జవాబు కోసం నేను మేడమ్‌కు ఫోన్ చేయాల్సి వచ్చేది. మేడమ్ మళ్ళీ నెట్‌లో కూర్చొని వెతికి చెప్పేవారు. అలా ఒక గొర్లకాపరి ప్రశ్నకు ఇద్దరం కొన్నేళ్ళపాటు పరుగెత్తాం.

ఆ ఏళ్ళన్నీ ఆపరేషన్ ఇచ్చినవే. తర్వాత జబ్బు ఎముకల్లో తిరగబెట్టింది. డాక్టర్లు నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపారు. మేడమ్ మేళ్లచెరువు నుంచి చూడటానికి వచ్చారు. మంచంలో పెద్దమ్మ పిడికెడైపోయింది, కళ్ళు మాత్రం అవే. "తెలిసిందా టీచరమ్మా?" అని అడిగింది.

నేను గడప దగ్గర నిలబడి, ఏదో ఒక తియ్యని మాట చెప్పండి మేడమ్, తెలిసిందనండి, మందు వస్తోందనండి అని మనసులో బతిమాలుకున్నాను. మేడమ్ స్టూలు దగ్గరికి జరుపుకున్నారు.

"కొంచెం తెలిసిందక్కా. కేన్సర్ కణాల్ని చంపిందన్నానే, అదే కబురు మన ఒంట్లో కాపలా కాసే కణాల్ని కూడా చంపుతుందంట. పుండులో ఆ బ్యాక్టీరియా అంత మొండిగా కూర్చునేది కూడా కొంత అందుకేనేమో. ముందు కాపలావాళ్ళని పడేస్తది."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. "తోడేలుకు వెట్టిన మందు కుక్క తిన్నట్టు" అన్నది.

"అచ్చం అంతే."

"కుక్క తినకుండ వెట్టే ఉపాయం సూస్తుండ్రా?"

"చూస్తున్నారు. ఆ కబురు ఆకారం కొంచెం మార్చి, కేన్సర్‌కి తగిలి కాపలా కణాలకి తగలకుండా చేయొచ్చా అని చూస్తున్నారు."

"కుక్క ఆకలి మీదున్నప్పుడు వెట్టొద్దు" అన్నది పెద్దమ్మ, ఒక్కో మాట కూడదీసుకుంటూ. "ముందుగాల కుక్కకు బువ్వ వెట్టాలె. కడుపు నిండినంక కట్టెయ్యాలె. అప్పుడు బయట ఎర వెట్టాలె. మేం గట్లనే చేస్తం."

మేడమ్ ముందుకు వంగారు. కాపలా కణాన్ని కాసేపు కట్టేయడమంటే ఎలా, కట్టేసినంతసేపూ మందను ఎవరు చూడాలి అని అడిగారు. పెద్దమ్మ దానికీ ఏదో చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు ఆగి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టింది. ఆటో వచ్చి బయట హారన్ కొట్టినా ఇద్దరిలో ఎవరికీ వినపడలేదు. తియ్యని అబద్ధం ఒకటి చెప్పి ఉంటే ఆ పూట మా పెద్దమ్మ రోగిగా పడుకొని ఉండేది. మేడమ్ ఆమెను ఆలోచించే మనిషిగా ఉంచారు. నేను ఆ గడప దగ్గరే ఏడ్చాను, సంతోషమో దుఃఖమో నాకే తెలియకుండా.

వెళ్ళొస్తానని మేడమ్ లేచినప్పుడు పెద్దమ్మ, "తెలిస్తే మా సైదనికి చెప్పు. నేనున్నా లేకున్నా" అన్నది.

ఆ నెలలోనే పోయింది. ఇప్పుడు కౌంటర్ దగ్గర ఎవరైనా రిపోర్టు పట్టుకొని ఇది తగ్గుతుందా అని అడిగితే, అది నాకొక్కడికే తెలియనిదా, ఎవ్వరికీ తెలియనిదా అని ముందు నన్ను నేను అడుగుతాను. నాకొక్కడికే అయితే డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కొని చెప్తాను. ఎవ్వరికీ తెలియనిదైతే ఆ మాటే చెప్పి, వాళ్ళను వెంటనే పంపేయకుండా కుర్చీ చూపిస్తాను. మేడమ్ ఫోన్ చేసిన రోజున యోగక్షేమాల కంటే ముందు నేను అడిగేది ఒక్కటే, తెలిసిందా అని. ఇంకా లేదంటారు. అందరికీ తెలిసిన రోజు ఒకటి వస్తే, ఆ మాట తన బదులు విని సరేనని చెప్పాల్సిన మనిషిగా పెద్దమ్మ నన్ను నిలబెట్టి వెళ్ళింది.